లెవుకా రేవు ముచ్చట

పొయ్యి దగ్గరికి జరగండర్రా. కర్రపెండలం కాలడానికి ఇంకా సేపు పడుతుంది. సెలవలకి సువా నుంచి వచ్చినప్పుడల్లా ‘ఈ చిన్న ఊళ్లో ఏముంది తాతా’ అంటారు కదా, ఈ పూట చెబుతాను, వినండి. బ్రిటిష్ ఫిజీకి మొదటి రాజధాని మన లెవుకాయే.

వెనక కొండ, ముందు సముద్రం, మధ్యలో చీర అంచులాగా ఈ బీచ్ స్ట్రీట్. 1820ల నుంచే తెల్లవాళ్లు ఇక్కడ దిగారు. అమెరికా నుంచి వచ్చిన డేవిడ్ విప్పీ అనే నావికుడు ఇక్కడి పిల్లనే చేసుకుని ఉండిపోయాడు. ఆ తరవాత తిమింగలాల వేటగాళ్లు, సముద్ర దోసకాయలు ఎండబెట్టి చైనాకి పంపే వర్తకులు వచ్చారు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి పత్తి ధర ఆకాశానికి పోయాక తోటలు వేస్తామంటూ ఇంకొందరు దిగారు. 1869లో ‘ఫిజీ టైమ్స్’ పత్రిక పుట్టింది ఈ వీధిలోనే. ఎటు చూసినా సారా కొట్లే. నీళ్ల మీద తేలే ఖాళీ జిన్ను సీసాల్ని పట్టుకుని వస్తే రేవు దొరికిపోతుందని ఓడల వాళ్లు చెప్పుకునేవాళ్లట.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లను. కొండ అవతల, పాత అగ్నిపర్వతం గిన్నెలో, లొవొని ఊరు ఉంది కదా. అక్కడి వాళ్లు ఎవరికీ లొంగలేదు. 1841లో కిందికి దిగి ఈ ఊరిని తగలబెట్టేశారు కూడా. 1871లో థాకోంబావు అనే ఫిజీ నాయకుడు లెవుకాలో రాజునని ప్రకటించుకున్నాడు. యుద్ధంలో లొవొనిని గెలవలేక, సంధి అని నమ్మించి కిందికి రప్పించి, పట్టుకుని తోటల యజమానులకి అమ్మించాడు. ఆలుమగల్ని, అన్నదమ్ముల్ని తలో దీవికి పంచేశారు. కొందరిని అమెరికాలో సర్కస్‌కి తీసుకెళ్లి జనానికి చూపించారు. రాజుగారి పట్టాభిషేకం గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. అందుకే నేను ప్రతి ఏడూ చెబుతాను.

ఆ రాజ్యమూ నిలవలేదు. అప్పులు, తగాదాలు. 1874 అక్టోబరు 10న పక్కనే నసోవలో కాగితం మీద సంతకాలు పెట్టి దేశాన్ని విక్టోరియా రాణికి అప్పగించేశారు. మరుసటి ఏడు సిడ్నీ వెళ్లొచ్చిన థాకోంబావు పరివారంతో పాటు తట్టు దిగింది. ఆయన్ని చూడ్డానికి నలుమూలల నుంచి వచ్చిన పెద్దలు దాన్ని ఇళ్లకి మోసుకెళ్లారు. నాలుగైదు నెలల్లో సుమారు 40 వేల మంది పోయారు. ఫిజీ జనంలో నాలుగో వంతు! పాతిపెట్టడానికి మనుషులు లేని ఊళ్లు కూడా ఉండేవట.

మిగిలిన ఫిజీ మనుషుల్ని తోటల్లో అరగదీయకూడదని గవర్నర్ గోర్డన్ పట్టుబట్టాడు. అది మంచి మాటే. కానీ చెరుకు ఎవరు నరకాలి? ఇండియా నుంచి అయిదేళ్ల గిర్మిటు, అంటే ఒప్పందం, మీద కూలీల్ని తెచ్చారు. 1879 మే 14న లియోనిదాస్ అనే ఓడ కలకత్తా నుంచి ఈ రేవుకే వచ్చింది. 460 మందికి పైగా ఉన్నారు. ఓడలో కలరా, మశూచి. దిగనివ్వకుండా ముందు పక్కనున్న యనుథా లైలై దీవిలో ఉంచారు. దారిలో కొందరు, ఆ దీవిలో కొందరు పోయారు. గిర్మిటు వాళ్లకి ఈ దేశంలో మొదటి నేల అదే. మన తెలుగువాళ్లు, తమిళులు మద్రాసు ఓడల్లో వచ్చింది ఆ తరవాత, 1903 నుంచి. మా తాత విశాఖపట్నం జిల్లా మనిషి. అయిదేళ్లు చెరుకు నరికి, గిర్మిటు తీరాక కొట్లో పనికని ఈ ఊరు వచ్చాడు.

‘మరి రాజధాని ఎందుకు పోయింది తాతా?’ అంటావా? చోటు లేక, అమ్మా. కొండ ఒక్క అడుగు వెనక్కి జరగదు. 1882లో కచేరీలన్నీ సువాకి తరలించేశారు. ఎండు కొబ్బరి వ్యాపారం కొన్నాళ్లు నిలబెట్టింది, తరవాత అదీ పోయింది. 1960లలో చేపల ఫ్యాక్టరీ రాకపోతే మన ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. మీ నాయనమ్మ ఆ చేపలు కోసి మీ నాన్నని చదివించింది.

డబ్బు రాలేదు గనక పాత చెక్క దుకాణాల్ని ఎవరూ కూల్చలేదు. అందుకే 2013లో యునెస్కో ఈ రేవు పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. దేశంలో అలాంటి గుర్తింపు మొదట మనకే. 2016లో విన్‌స్టన్ తుఫాను వచ్చి రేకుల్ని, గోడల్ని లేపేసింది. చాలా బాగుచేశారు గానీ, ఇంకా ఎత్తాల్సినవి ఉన్నాయి.

రేపు నసోవ చూసి రండి. పడవ దొరికితే యనుథా లైలైకి కూడా వెళ్లండి, అక్కడ మాత్రం గట్టిగా అరవకండి. వీధిలో లొవొని పెద్దలు ఎదురైతే మీరే ముందు ‘బులా’ అని పలకరించండి.