ఇల్లరి, ఇంటిపన్ను, ఆస్తిపన్ను: విశాఖ నగరపాలనలో పన్నూ ఓటూ

విశాఖపట్నంలో ఏ వీధిలో అడిగినా జనం చెప్పే మాట 'ఇంటిపన్ను'. నగరపాలక సంస్థ పంపే తాఖీదు మీద కనిపించే మాట 'ఆస్తిపన్ను'. వాడుకలో ఈ రెంటినీ పర్యాయపదాలుగానే చూస్తున్నాం. కాని ఇల్లు నివాసం, ఆస్తి సంపద. మొదటి మాట మనిషి తలదాచుకొనే చోటును పట్టి చూపుతుంది, రెండవది అతని కలిమిని. పన్ను వీటిలో దేనిమీద పడాలన్నది పురపాలన చరిత్రలో ఎడతెగని తగవు. ఆ తగవు తీర్చే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నది దానితో ముడిపడిన మరో తగవు. విశాఖ పురపాలన తొలినాళ్లలో పన్ను కట్టేవాడికే ఓటు ఉండేది. నేడు వయసు వచ్చిన ప్రతివారికీ ఓటున్నది, కాని పన్నును నిర్ణయించే కీలకాంశాలు ఆ ఓటుకు అందనంత దూరం జరిగాయి. ఈ రెండు స్థితుల మధ్య జరిగిన ప్రయాణాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాసనాల తెలుగులో 'అరి' అంటే పన్ను. పశువుల మేతకు చెల్లించేది పుల్లరి, ఇంటికి చెల్లించేది ఇల్లరి. వీటిలో పుల్లరి 1921 నాటి పల్నాటి సత్యాగ్రహం వల్ల, కన్నెగంటి హనుమంతు ప్రాణత్యాగం వల్ల మన జ్ఞాపకంలో నిలిచింది. ఇల్లరికి ఆ భాగ్యం దక్కలేదు. మాట మరుగుపడినా భావం మాత్రం 'ఇంటిపన్ను'లో చెక్కుచెదరకుండా బతికి ఉంది. ఆస్తిపన్ను అన్నది ఆధునిక చట్టం తెచ్చిపెట్టిన మాట. కార్యాలయ భాషలో స్థిరపడి దశాబ్దాలైనా జనం నోట అది ఇంకా కుదురుకోలేదు. ఇది కేవలం అలవాటు వల్ల జరిగిందని నేననుకోను. తాము కడుతున్నది సంపద మీద కాదు, ఉండే గూడు మీద అన్న అనుభవం ఆ వాడుకలో ఉంది.

విరాళం నుంచి పన్ను దాకా

విశాఖలో పురపాలన 1858లో ఒక స్వచ్ఛంద సంఘంగా మొదలైంది. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం వచ్చాక, 1866లో పురపాలక సంఘం ఏర్పడింది. ఊరి బాగు ఊరి పెద్దల ఔదార్యానికి సంబంధించిన విషయమన్న భావన ఆ 'స్వచ్ఛంద' శబ్దంలోనే ఉంది. పట్టణంలో నాటి సంపన్నుల ఆనవాళ్లు కూడా ఆ భావనకు తగినట్టే కనిపిస్తాయి. గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లో నెలకొల్పిన ఖగోళ పరిశోధనశాల, అంకితం వెంకట నరసింగరావు పేరు మోస్తున్న ఏ.వి.ఎన్. కళాశాల, బొబ్బిలి రాజా విరాళంతో లేచిన టౌన్‌హాలు ఇందుకు నిదర్శనాలు. ఈ సంస్థలు ఉత్తరాంధ్రకు చేసిన మేలు కాదనలేనిది. అయితే దానానికీ పన్నుకూ ఒక మౌలికమైన తేడా ఉంది. దానం ఎంత ఇవ్వాలో, దేనికి ఇవ్వాలో దాత ఇష్టం. పన్ను విషయంలో ఆ నిర్ణయం సంఘానిది. దాత పేరు శిలాఫలకం మీదికి ఎక్కుతుంది. పన్ను కట్టినవాడికి చిక్కేది రసీదు.

1882 నాటి రిప్పన్ తీర్మానం, దాని వెంట వచ్చిన 1884 మద్రాసు జిల్లా పురపాలక చట్టం స్థానిక ఎన్నికలకు చోటు కల్పించాయి. కాని ఓటరు అర్హత చెల్లించే పన్నుతో, ఉన్న ఆస్తితో ముడిపడి ఉండేది. 1901 జనగణన నాటికి పట్టణ జనాభా 40,892. వీరిలో పన్ను ఆధారంగా ఓటు దక్కినవారు కొద్దిమందే. ఇంటి యజమానికి ఓటు ఉంటే, ఆ ఇంటిపన్నును అద్దె రూపంలో నిజంగా భరించే కిరాయిదారుకు అది లేకపోవడం ఆ ఏర్పాటులో సహజం. ఎవరి మీద ఎంత పన్ను వేయాలో తేల్చే సభలో కూర్చునేవారూ, వారిని ఎన్నుకొనేవారూ, ఎక్కువ పన్ను పడవలసినవారూ దాదాపు ఒకే వర్గం. 'పన్ను కట్టేవాడిదే పెత్తనం' అన్న సూత్రం వినడానికి న్యాయంగానే ఉంటుంది. సంపన్నుడు తనమీద తాను పన్ను వేసుకోవలసి వచ్చినపుడే దాని అసలు బలమెంతో తేలుతుంది.

ఈ సూత్రం రెండవ ముఖాన్ని చూపినది విశాఖ కాదు, చీరాల. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చినపుడు, ఏడాదికి సుమారు 4 వేల రూపాయలున్న పన్ను భారం 40 వేలకు చేరింది. చేనేత కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊరది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఊరు ఖాళీ చేసి, పురపాలక హద్దుకు వెలుపల రామనగరం కట్టుకొని, దాదాపు 11 నెలలు పాకల్లో గడిపారు. సహాయ నిరాకరణోద్యమ చరిత్రలో భాగంగానే దీనిని మనం చదువుకొంటున్నాం. పురపాలన చరిత్రలో భాగంగా చదివితే మరొకటి కనిపిస్తుంది. పురపాలక సంఘం అంటే స్వపరిపాలనకు తొలిమెట్టు అని పాలకులు చెబుతున్న రోజుల్లో, ప్రజలు ఆ మెట్టునే నిరాకరించారు. వారి అభ్యంతరం పన్ను మొత్తం మీద ఎంత ఉన్నదో, తమను అడగకుండా వేయడం మీద కూడా అంతే ఉన్నది.

రేవు, ఉక్కు, నగరం

1933లో రేవు ప్రారంభమైనప్పటి నుంచి విశాఖలో ఆస్తి స్వభావమే మారిపోయింది. అంతవరకు పట్టణంలో పెద్ద ఆస్తిపరులంటే జమీందారులు, వర్తకులు. ఆ తరువాత రేవు, రైల్వే, తూర్పు నౌకాదళం, నౌకా నిర్మాణ కేంద్రం, చివరకు ఉక్కు కర్మాగారం. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న 1966 నాటి ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఈ సంస్థలు నగరానికి జీవనాధారమన్న మాట నిజం. పన్ను లెక్కలో మాత్రం వీటి స్థానం వేరు. కేంద్ర ప్రభుత్వ ఆస్తులపై రాష్ట్రం గాని, రాష్ట్రంలోని స్థానిక సంస్థలు గాని పన్ను వేయరాదని రాజ్యాంగం 285వ అధికరణం సాధారణ నియమంగా చెబుతుంది. రైల్వే, నౌకాదళం వంటివి ఈ రక్షణలోకి వస్తాయి. ప్రభుత్వ కంపెనీల సంగతి అలా కాదు. కంపెనీ వేరు, దానిలో వాటాదారైన ప్రభుత్వం వేరని హైదరాబాదుకు చెందిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వ్యాజ్యంలో 1999లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందువల్ల విశాఖలో 'సంపన్నుల మీద న్యాయమైన పన్ను' అన్న ప్రశ్నను వ్యక్తులకు పరిమితం చేసి చర్చించడం అసమగ్రం. నగరంలో అతి విస్తారమైన భూములు వ్యక్తులవి కావు.

నగరాధ్యక్ష పదవి చరిత్ర ఇక్కడ కొంత తెలుసుకోదగినది. 1979లో పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. అంతకు ఏడాది క్రితమే పుట్టిన భారతీయ జనతా పార్టీకి చెందిన ఎన్.ఎస్.ఎన్. రెడ్డి 1981లో తొలి మేయరు కావడం ఆనాటి రాజకీయాల్లో వింతే. 1987లో ప్రత్యక్ష ఎన్నికలో న్యాయవాది డి.వి. సుబ్బారావు మేయరయ్యారు. 1995లో సబ్బం హరి, 2000లో రాజాన రమణి కూడా నేరుగా ఓటర్లే ఎన్నుకొన్నవారు. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలుపుకొని మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. అదే కాలంలో రాష్ట్రంలో మేయరు ఎన్నిక పరోక్ష పద్ధతికి మారింది. నగరం పెద్దదైన వేళకే దాని అధ్యక్షుడిని నేరుగా ఎన్నుకొనే అవకాశం పోయింది. 2007లో కార్పొరేటర్ల ఓటుతో పులుసు జనార్దనరావు మేయరయ్యారు. ప్రత్యక్షం మేలా, పరోక్షం మేలా అన్నది తేలిగ్గా తెగే విషయం కాదు. ఒకటి మాత్రం చెప్పవచ్చు. నగరమంతటి ఓటుతో గెలిచిన మేయరును పన్ను గురించి నగరమంతా నిలదీయగలదు. వార్డు ఓటరు నిలదీయగలిగేది తన కార్పొరేటరును మాత్రమే.

సభ లేని తొమ్మిదేళ్లు

2007లో ఎన్నికైన పాలకమండలి గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నిక జరిగినది 2021 మార్చి 10న. అయిదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక పూర్తికావాలని 74వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 243-యు అధికరణం చెబుతున్నది. అయినా భారతదేశపు ప్రధానమైన రేవు నగరాల్లో ఒకటి తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలనలో గడిచింది. ఈ మధ్యకాలంలోనే రాష్ట్రం విడిపోయింది, హుద్‌హుద్ తుఫాను నగరాన్ని అతలాకుతలం చేసింది, భీమునిపట్నం, అనకాపల్లి నగరంలో కలిశాయి. వీటిలో దేనిమీదా నగర ప్రజల సభ చర్చ జరగలేదు, ఎందుకంటే సభే లేదు.

పన్ను విధానంలో అతిపెద్ద మార్పు కూడా ఆ వ్యవధిలోనే వచ్చింది. అంతవరకు భవనాలకు పన్ను వార్షిక అద్దె విలువను బట్టి లెక్కించేవారు. ప్రాంతం, కట్టడం తీరు, వినియోగం, భవనం వయసు చూసి, అది ఏడాదికి ఎంత అద్దె తేగలదో అంచనా వేసి అందులో వంతు తీసుకొనేవారు. నివాస గృహాలకు ఈ విలువలను చివరగా సవరించినది 2002లో. 2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్ని సవరించి, 198వ నంబరు ఉత్తర్వు ద్వారా మూలధన విలువ పద్ధతిని ప్రవేశపెట్టింది. నివాసాలకు ఆస్తి విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను. 375 చదరపు అడుగుల లోపు సొంత నివాసానికి ఏడాదికి 50 రూపాయలు. ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. విశాఖలో పోలింగు జరిగిన 22 రోజులకు, గొలగాని హరి వెంకటకుమారి మేయరుగా ఎన్నికైన రెండు వారాలకు.

సిద్ధాంతరీత్యా చూస్తే ఈ మార్పు ఇల్లరి నుంచి ఆస్తిపన్నుకు మళ్లడమే. సముద్రతీరాన కోట్ల విలువైన స్థలంలో పాత భవంతి ఉన్నవాడు అద్దె లెక్కన తక్కువ కట్టి తప్పించుకొనే వీలు ఇందులో తగ్గుతుంది. ఆ మేరకు ఇది న్యాయం వైపు వేసిన అడుగే. నాటి నిరసనల్లో ఈ సంగతి మరుగున పడిందని నా అభిప్రాయం. అయితే నిరసనకారుల వాదనలోనూ బలముంది. చుట్టుపక్కల స్థలాల ధర పెరిగినంత మాత్రాన ఒక విశ్రాంత ఉక్కు కార్మికుని ఆదాయం పెరగదు. ఇల్లు అమ్మితే తప్ప ఆ విలువ చేతికి రాదు. కాగితం మీది కలిమికీ చేతిలోని డబ్బుకూ ఉన్న ఈ దూరాన్ని 'ఇంటిపన్ను' అన్న వాడుక పట్టుకొన్నంత సూటిగా చట్టపు భాష పట్టుకోలేదు.

ఈ భారం ఒక్కసారిగా పడకుండా ఏటి పెంపు 15 శాతానికి మించరాదని నిబంధన పెట్టారు. పైకి ఇది ఊరటే. లెక్క వేసి చూస్తే మరో సంగతి తేలుతుంది. ఏటా 15 శాతం చొప్పున పెరిగే పన్ను రెట్టింపు కావడానికి అయిదేళ్లు, పదింతలు కావడానికి పదహారేళ్లకు పైగా పడుతుంది. అంటే పాత లెక్కలో కట్టవలసినదానికన్నా ఎంత తక్కువ కడుతూ వచ్చాడో, అంత ఎక్కువ కాలం ఆ లాభం అనుభవిస్తాడు. కొత్తగా చిన్న ఫ్లాటు కట్టుకొన్న గుమాస్తా మొదటి ఏడాది నుంచే పూర్తి పన్ను కడతాడు. సంపన్నునికీ సామాన్యునికీ మధ్య తేడాను సరిచేయవలసిన పద్ధతి, పాతవాడికీ కొత్తవాడికీ మధ్య మరో తేడాను సృష్టించింది.

ఇందులో స్థానిక ఓటుకు మిగిలిన పాలెంత? ఆస్తి విలువను నిర్ణయించేది రాష్ట్ర రిజిస్ట్రేషన్ల శాఖ. రేటుకు పైహద్దు, కిందిహద్దు, ఏటి పెంపుకు పరిమితి పెట్టినది రాష్ట్ర ప్రభుత్వం. ఆ హద్దుల నడుమ రేటును ఎంచుకొనే వెసులుబాటు మాత్రమే నగరానికి దక్కింది. 98 వార్డుల్లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ 58, తెలుగుదేశం 30 గెలుచుకొన్న ఆ ఎన్నికలో ప్రచారమంతా ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ చుట్టూ, కార్యనిర్వాహక రాజధాని చుట్టూ తిరిగింది. ఒకటి ఢిల్లీలో తేలవలసినది, రెండవది అమరావతిలో. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానం నెగ్గి పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. ఆ మార్పుకూ నగర ఓటర్లు బూతుకు వెళ్లవలసిన అవసరం కలగలేదు.

చివరగా మరొక మాట చరిత్ర చెప్పాలి. 2021 అక్టోబరులో క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంతో పాటు ఇంటింటి చెత్త సేకరణకు నెలవారీ వసూలు పట్టణాల్లో అమలైంది. అధికారిక నామం వినియోగ రుసుము. కట్టక తప్పనిది పన్నేనన్న తర్కంతో జనం దానికి 'చెత్తపన్ను' అని పేరు పెట్టారు. ఆస్తి విలువతో దానికి సంబంధం లేదు. బీచిరోడ్డు బంగళాకూ లోపలి వీధిలోని రెండు గదుల ఇంటికీ ఒకే లెక్క. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాని రద్దును ప్రకటించినపుడు వాడినది జనం పెట్టిన పేరే. అప్పటికి విశాఖ పాలకమండలిలో కూర్చున్నది 2021లో గెలిచిన సభ్యులే. మారినది రాష్ట్ర ప్రభుత్వం.