మదామ్ ఎదుట ఒక్క నిమిషం

1934. న్యూయార్క్. మీరు కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. తర్వాతి వంతు మీదే. ఎదురుగా ఉన్నావిడ బక్కపలచటి మనిషి, అరవైకి దగ్గర పడుతున్నారు. ఒక కంటికి మాత్రమే గుండ్రటి అద్దం. వెన్ను నిటారుగా ఉంది. పేరు మరియా ఊస్పెన్స్కయా. ఇక్కడ అందరూ ‘మదామ్’ అనే పిలుస్తారు. 1929లో ఆవిడ తన పేరుతోనే పెట్టిన నటన బడి ఇది.

మిమ్మల్ని పిలిచారు. లేచి నిలబడ్డారు. చెయ్యాల్సిన పని చాలా చిన్నది. బల్ల మీద లేని టీ గ్లాసును అందుకుని తాగాలి. బయట చలి, గ్లాసులో పొగలు కక్కే టీ. మీరు చెయ్యి చాపారు, వేళ్లు గుండ్రంగా ముడిచారు, పెదవుల దాకా తెచ్చారు, చప్పరించారు, హాయిగా ఉన్నట్టు తల ఊపారు. బాగానే చేశాననుకున్నారు.

మదామ్ ముఖంలో ఏ కదలికా లేదు. ఇక ప్రశ్నలు మొదలవుతాయి. గ్లాసు వేడిగా ఉంది కదా, ఆ వేడి ముందుగా ఏ వేలికి తగిలింది? గ్లాసు నిండుగా ఉందా, సగమే ఉందా? దాని బరువెంత? అసలు ఈ టీ ఎందుకు తాగుతున్నారు? దాహమా, చలా, ఎదుటి మనిషి ముఖం చూడలేక గ్లాసులో తల దాచుకుంటున్నారా? ఒక్కదానికీ మీ దగ్గర జవాబు లేదు. మీరు టీ తాగలేదు, తాగుతున్నట్టు చూపించారు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో అదే ఈ బడిలో పాఠం.

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి తొందర లేదు. వేలికొసలు గాజును తాకి చటుక్కున వెనక్కొచ్చాయి. పైఅంచు దగ్గర, టీ తగలని చోట గ్లాసును పట్టుకున్నారు. ఊదారు. ఊదుతుంటే ఎవరూ చెప్పకుండానే మీ భుజాలు కిందికి దిగాయి. పక్క కుర్చీల్లో ఉన్నవాళ్లు ముందుకు వంగి చూస్తున్నారు. మదామ్ మెచ్చుకోలేదు, ఇంకొకరిని పిలిచారు.

ఆ వచ్చిన అమ్మాయికి ఒక్క నిమిషం నాటిక. సందర్భం చెబుతారు, అంతే. ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం కావాలి, ఏది అడ్డొస్తోంది, అన్నీ అప్పటికప్పుడు తనలో తాను తేల్చుకుని ఆ నిమిషం బతకాలి. ఈ బడిలో చదివినవాళ్లలో ఆన్ బాక్స్టర్ అనే చిన్న పిల్ల కూడా ఉంది. పదమూడేళ్లకే బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కింది. తర్వాత ‘ది రేజర్స్ ఎడ్జ్’ సినిమాకు ఆస్కార్ అందుకుంది.

మదామ్‌కు ఈ చూపు ఎక్కడిదో తెలియాలంటే రష్యా వెళ్లాలి. టీ కాచే సమోవార్లకు పేరుపడ్డ తులా పట్టణంలో 1876లో పుట్టారు. వార్సాలో సంగీతం నేర్చుకున్నారు. గొంతుతో బతుకుదామనుకున్న మనిషి మాస్కోలో నాటకం వైపు మళ్లారు. రష్యన్ రంగస్థల దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ నడిపే మాస్కో ఆర్ట్ థియేటర్‌కు అనుబంధంగా 1912లో ‘ఫస్ట్ స్టూడియో’ మొదలైంది. నటన రహస్యాలను ప్రయోగం చేసి తెలుసుకునే చోటు అది. దాన్ని నడిపించిన సులెర్‌జిత్‌స్కీ దగ్గర ఊస్పెన్స్కయా సాధన చేశారు. ఆ గదిలోకి మీరు అడుగుపెడితే తెలిసిన మాటొకటి వినపడి ఆగిపోతారు. ‘ప్రాణ’. అవును, మన యోగశాస్త్రంలోని ప్రాణమే. ఊపిరి మీద ధ్యాస నిలపడం, ఒంట్లో ఎక్కడ బిగువుందో పట్టుకుని వదిలెయ్యడం, చూపును ఒక్కచోట కట్టెయ్యడం, ఇవన్నీ అక్కడి నటులకు రోజువారీ అభ్యాసాలు. న్యూయార్క్‌లో టీ గ్లాసు ముందు మీ భుజాలు దిగడం వెనక ఇంత దారి ఉంది.

1923 జనవరిలో మాస్కో ఆర్ట్ థియేటర్ బృందం న్యూయార్క్‌లో నాటకాలు వేసింది. అమెరికా రంగస్థలం ఉలిక్కిపడింది. తెర వెనక నుంచి వచ్చిపోయే నౌకరు వేషానికి కూడా ఒక జీవితం ఉండటం అక్కడి ప్రేక్షకులు అంతవరకు చూడలేదు. పర్యటన ముగిసి బృందం తిరుగు ప్రయాణం కట్టింది. ఊస్పెన్స్కయా మాత్రం 1924లో అక్కడే ఉండిపోయారు. ఏభైకి దగ్గర పడుతున్న వయసు, పరాయి దేశం, పరాయి భాష. పాత సహచరుడు రిచర్డ్ బొలెస్లావ్‌స్కీ పెట్టిన ‘అమెరికన్ లాబొరేటరీ థియేటర్’లో పాఠాలు మొదలుపెట్టారు. ఆయన సిద్ధాంతం చెప్పేవారు. దాన్ని ఒంటికి పట్టించే పని ఆవిడది.

ఆ తరగతి బల్లల మీద ఎవరెవరున్నారో చూడండి. ఆ కళ్లద్దాల కుర్రాడు లీ స్ట్రాస్‌బర్గ్. ఆ ఠీవి గల యువతి స్టెల్లా ఆడ్లర్. ఆ కబుర్లపోగు హెరాల్డ్ క్లర్మన్. 1931లో క్లర్మన్, స్ట్రాస్‌బర్గ్, షెరిల్ క్రాఫర్డ్ కలిసి ‘గ్రూప్ థియేటర్’ పెడతారు. తర్వాత స్ట్రాస్‌బర్గ్ ‘యాక్టర్స్ స్టూడియో’కు పెద్దదిక్కవుతాడు. ఆడ్లర్ దగ్గర మార్లన్ బ్రాండో చదువుకుంటాడు. ప్రపంచమంతా ‘మెథడ్’ అని చెప్పుకునే నటనా సంప్రదాయం అమెరికాలో మొలకెత్తింది ఈ బల్లల దగ్గరే.

మదామ్ సొంత బడికి అద్దె కట్టాలి, జీతాలివ్వాలి. ఆర్థిక మాంద్యం రోజులు. అరవయ్యో ఏట మదామ్ హాలీవుడ్ కెమెరా ముందు నిలబడటానికి అసలు కారణం బడి ఖర్చులే. 1934లో బ్రాడ్‌వేలో ‘డాడ్స్‌వర్త్’ నాటకంలో వేసిన బారోనెస్ పాత్రనే 1936లో విలియం వైలర్ తీసిన సినిమాలోనూ వేశారు.

ఇప్పుడు మీరు సినిమా హాల్లో ఉన్నారు. వియన్నాలో ఒక ఇంటి గది. భర్తను వదిలి వచ్చిన అమెరికన్ స్త్రీ ఫ్రాన్ తనకంటే చిన్నవాడైన కర్ట్‌ను పెళ్లాడాలనుకుంటోంది. కర్ట్ తల్లి వస్తోంది. గది సర్దడంలో, నవ్వు సర్దుకోవడంలో ఫ్రాన్ కంగారు కనిపిస్తూనే ఉంది. తల్లి లోపలికొచ్చి కూర్చుంటుంది. ఇక చూడండి. గొంతు పెంచదు, చెయ్యి విసరదు, ఒక్క పరుషమైన మాట అనదు. ఇంగ్లీషు మాటలను ఒక్కొక్కటిగా, ఆచితూచి పేరుస్తుంది. తమ మతం విడాకులను ఒప్పుకోదంటుంది. కొడుక్కి పిల్లలు కావాలంటుంది. ఆఖరికి వయసు సంగతి ఎత్తుతుంది, అదీ మర్యాదగానే. ఎదురుగా ఉన్న ఫ్రాన్ ముఖం మీద ఏళ్ల తరబడి కాపాడుకున్న యౌవనం మన కళ్లముందే కూలిపోతుంది.

బారోనెస్‌ను రాక్షసిగా చూపించడం ఎంతో తేలిక. ఊస్పెన్స్కయా ఆ దారి పట్టలేదు. ఎదుటి మనిషిని నొప్పించాలన్న కోరిక ఆ కళ్లలో వెతికినా దొరకదు. తన ఇంటిని నిలబెట్టుకోవాలన్న ఒక్క అవసరమే ఉంది. ఎందుకు తాగుతున్నారని మిమ్మల్ని అడిగిన ప్రశ్నను తనకూ వేసుకుని, జవాబు దొరికాకే ఆ గుమ్మం దాటారు. సహాయనటులకు ఆస్కార్ ఇవ్వడం మొదలైన మొదటి సంవత్సరమే, ఒకే ఒక్క సన్నివేశానికి ఆవిడ పేరు పోటీలో నిలిచింది.

1939లో ‘లవ్ అఫేర్’లో నాయనమ్మ పాత్రకు రెండోసారి ఆస్కార్ పోటీకి ఎంపికయ్యారు. అదే ఏడాది ‘ది రెయిన్స్ కేమ్’లో రాంచీపూర్ అనే కల్పిత సంస్థానానికి మహారాణి అయ్యారు. ఇక మకాం హాలీవుడ్. బడి కూడా అక్కడికే వచ్చింది.

1941 డిసెంబర్. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి వారం కూడా కాలేదు. యూనివర్సల్ వాళ్ల ‘ది వుల్ఫ్ మ్యాన్’ ఆడుతున్న హాల్లో భయపడదామనే మీరు టికెట్ కొనుక్కుని కూర్చున్నారు. తెర మీద పొగమంచు అడవి, గుర్రపుబండి, జిప్సీ ముసలమ్మ మలేవా. కొడుకు బేలా తోడేలు శాపానికి బలై శవపేటికలో ఉన్నాడు. ఆ పాత్ర వేసిన బేలా లుగోసీ ఆవిడకంటే ఆరేళ్లే చిన్న, కానీ ఆ సందేహం మీకు రానే రాదు. మలేవా ఆ శవం మీదికి వంగి, అతని దారి ముళ్లదారే గానీ తప్పు అతనిది కాదని, బాధ ఇక తీరిందని చెబుతుంది. సినిమా చివర శాపం తగిలిన ఇంకో మనిషి, లారీ, తండ్రి చేతిలో చచ్చి పడి ఉంటాడు. మలేవా బండి ఆపి వచ్చి దాదాపు అవే మాటలు మళ్లీ అంటుంది.

అవే మాటలు, కానీ మీకు వేరేగా వినపడతాయి. మొదటిసారి తల్లి తన బిడ్డను సాగనంపింది. రెండోసారి, అదే కడుపుకోత ఎరిగిన మనిషి పరాయి బిడ్డను తన బిడ్డగా సాగనంపింది. మాటల వెనక ఉన్న కారణం మారింది. తోడేలు ముసుగులు, పొగమంచు నిండిన చిత్రంలో మనకు కన్నీళ్లొచ్చేది ఈ రెండు ఘట్టాల దగ్గరే. తరగతిలో నేర్పిన పాఠానికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ నేనెరగను.

1949లో ఊస్పెన్స్కయా వెలిగించిన సిగరెట్‌తోనే నిద్రలోకి జారుకున్నారు. మంచం అంటుకుంది. కాలిన గాయాలు, పక్షవాతం కలిసి డిసెంబర్ 3న ప్రాణం తీశాయి. అప్పటికి డెబ్భై మూడేళ్లు.

ఇప్పటికీ లోకంలో చాలామందికి ఆవిడ జిప్సీ ముసలమ్మగానే గుర్తు. మెథడ్ కథ చెప్పేటప్పుడు స్తానిస్లావ్‌స్కీ నుంచి ఒక్క గంతులో స్ట్రాస్‌బర్గ్ దగ్గరికి వచ్చేస్తారు. మధ్యలో ఆ పాఠాన్ని సముద్రం దాటించి, పరాయి భాషలో, ఒక్కొక్క శిష్యుడి వేలికొసల దాకా నేర్పిన స్త్రీని దాటేసి వెళ్లిపోతారు. ఇది అన్యాయం. విద్య పుస్తకంలో ఉంటే సరిపోదు, దాన్ని ఇంకొకరి ఒంట్లోకి దింపే గురువు కావాలి. అమెరికన్ నటనకు అలాంటి తొలి గురువుల్లో ఊస్పెన్స్కయా ఒకరు. పైగా శిష్యులను అడిగిన ప్రశ్నను కెమెరా ముందు తనకూ వేసుకున్నారు, జవాబు చెప్పి చూపించారు. నటన నేర్చుకునే పిల్లలెవరైనా నన్నడిగితే ‘డాడ్స్‌వర్త్’లో ఆ ఒక్క సన్నివేశాన్ని ముందు చూడమంటాను. చూశాక ఎవరి దగ్గర నేర్చుకోవాలో కూడా తెలుస్తుంది: అడిగిన పని తాను చేసి చూపగలిగినవాళ్ల దగ్గర.