కృష్ణపట్నం పోర్టు: ఏ క్రేన్ ఏం చేస్తుంది? ఆత్మకూరు, ఉదయగిరికి లింకేంటి?

ఆత్మకూరు మీదుగా వెళ్లే 67వ నంబర్ జాతీయ రహదారి తూర్పున ఎక్కడ ఆగుతుందో తెలుసా? కృష్ణపట్నం పోర్టు దగ్గర. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతానికి దగ్గరి సముద్ర ద్వారం ఇదే. అయితే రోడ్డు ఉన్నంత మాత్రాన సరుకు ఓడ ఎక్కేయదు. రేవులో ఎలాంటి యంత్రాలు పనిచేస్తున్నాయి, ఎలాంటి ఓడలు ఆగుతున్నాయి అన్నదే కీలకం.

లోతే అసలు బలం

ముత్తుకూరు మండలంలోని ఈ పోర్టు 2008 జులైలో ప్రారంభమైంది. నవయుగ గ్రూప్ అభివృద్ధి చేసిన ఈ పోర్టులో 2020లో అదానీ పోర్ట్స్ 75 శాతం వాటా కొనుగోలు చేసింది. మిగతా 25 శాతం 2021లో దక్కించుకుంది. లోతు ఎక్కువ కావడంతో లక్ష టన్నులకు పైగా సరుకు మోసే ఓడలు కూడా నేరుగా బెర్తుకే వస్తాయి. వాటిని టగ్ బోట్లు మెల్లగా ఒడ్డుకు చేరుస్తాయి. ఆ లోతు పూడిపోకుండా డ్రెడ్జర్లు ఇసుక, బురద తోడుతుంటాయి.

బొగ్గుకు బెల్టు

బొగ్గు లాంటి విడి సరుకును క్రేన్లు ఇనుప పంజాతో ఓడ నుంచి తీస్తాయి. అక్కడి నుంచి కన్వేయర్ బెల్టు మీద యార్డుకు వెళ్తుంది. స్టాకర్ దాన్ని కుప్పపోస్తే, రీక్లెయిమర్ మళ్లీ తవ్వి తీస్తుంది. తర్వాత రైలు వ్యాగన్లే. వెలిగొండల్లో సుమారు 6.6 కిలోమీటర్ల సొరంగంతో వేసిన ఓబులవారిపల్లె - వెంకటాచలం రైల్వే లైన్ 2019 సెప్టెంబర్ 1న ప్రారంభమైంది. దీంతో రాయలసీమ వైపు సరుకు రవాణాకు దగ్గరి దారి దొరికింది.

బాక్సుకు వేరే క్రేన్

కంటైనర్ల లెక్క వేరు. ఒడ్డున పట్టాల మీద నిలబడే ఎత్తైన క్వే క్రేన్ ఒక్కో బాక్సును ఎత్తి దించుతుంది. యార్డులో రబ్బరు టైర్ల గ్యాంట్రీ క్రేన్లు వాటిని ఒకదానిపై ఒకటి పేరుస్తాయి. 20 అడుగుల బాక్సును ఒక టీఈయూగా లెక్కిస్తారు.

మెట్టకు కావాల్సింది ఏది?

జీఐ గుర్తింపు ఉన్న ఉదయగిరి చెక్క స్పూన్లనే తీసుకోండి. ఇలాంటి ప్యాకింగ్ సరుకు బెల్టు మీద పోదు, బాక్సులోనే వెళ్లాలి. ఒక్కరి సరుకుతో బాక్సు నిండదు కాబట్టి నలుగురి సరుకు కలిపి నింపుతారు. అందుకు గోడౌన్, కస్టమ్స్ తనిఖీ, టైముకు వచ్చే కంటైనర్ ఓడ... మూడూ ఉండాలి.

కంటైనర్ టెర్మినల్ తరలిపోతుందన్న వార్తలతో 2024 ఆరంభంలో జిల్లాలో రాజకీయ దుమారం రేగింది కూడా అందుకే. బొగ్గు ఓడలు ఎన్ని వచ్చినా చిన్న ఎగుమతిదారుకు ఒరిగేది తక్కువ. బాక్సుల ఓడ ఆగకపోతే మాత్రం అతని సరుకు నెల్లూరు దాటి చెన్నై దాకా పోవాల్సిందే. ఆ అదనపు లారీ కిరాయి పడేది అతని జేబు మీదే.