కుక్కని కట్టెయ్యండి బాబూ

కామందుల ఇంటికెళ్తే ముందు ఏమనాలో మా అమ్మ నాకు ఐదారేళ్లప్పుడే నేర్పింది. గేటుకి నాలుగడుగుల దూరంలో ఆగాలి. కాళ్లకి చెప్పులుంటే చేతిలోకి తీసుకోవాలి. అప్పుడు గట్టిగా "కుక్కని కట్టెయ్యండి బాబూ" అనాలి. వచ్చిన పనేదో ఆ తర్వాత చెప్పుకోవాలి.

మాది తాడేపల్లిగూడేనికి దగ్గర్లో కాలవ కింద ఊరు. పేరు రాయను. ఏ ఊరి పేరు రాసినా చెల్లే సంగతే ఇది. మా నాన్న ఆ ఊళ్లో ఒక కామందు దగ్గర పాలేరు. 1995 ప్రాంతంలో ఒకసారి నాన్నకి జొరమొచ్చి నాలుగు రోజులు పనికెళ్లలేదు. ఇంట్లో గింజల్లేవు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని కుంచెడు బియ్యం అడగడానికెళ్లింది. మండువా లోగిలి, ఎత్తైన అరుగు, ముందు ఇనపగేటు. గేటు లోపల రాజా. అది కుక్క పేరు. మా నాన్నకీ పేరుంది గానీ ఆ ఇంట్లో అది ఎవరికీ అక్కర్లేకపోయింది. "ఒరే" అంటే సరిపోయేది.

రాజా మొరగడం మొదలెట్టింది. అమ్మ నేర్పిన మాట నేనే అరిచాను. ఎవరూ రాలేదు. కాసేపటికి లోపల్నించి ఇంటావిడ గొంతు వినబడింది. "ఎవరో పేటోళ్లొచ్చినట్టున్నారు, చూడవే." ఆవిడ ఇంకా మమ్మల్ని చూడలేదు. కుక్క మొరుగు విని చెప్పింది. ప్రెసిడెంటుగారొస్తే రాజా ఒకసారి మొరిగి ఊరుకునేదట. చుట్టాలొస్తే తోకాడించేదట. మేమొస్తే గేటు మీదికి ఎగిరి మొరిగేది. ఆ ఇంటికి వేరే గంట అక్కర్లేదు. గుమ్మంలో ఉన్నది ఏ కులమో ఆ మొరుగే చెప్పేది.

నాకు ఈనాటికీ బోధపడని సంగతి ఇంకొకటి ఉండేది. రాజాకి రోజూ రెండు పూటలా అన్నం కలిపి పెట్టేది మా నాన్నే. దొడ్లో, పశువులశాల దగ్గర, అది మా నాన్న కాళ్లు నాకేది. దాని గోమార్లు ఏరేది మా నాన్నే. అదే కుక్క, అదే మనిషి ఎప్పుడైనా వీధి గుమ్మం వైపు వచ్చాడంటే పళ్లు బయటపెట్టేది. దొడ్డిదారిన వచ్చినోడు తనవాడు, వీధి గుమ్మంలోకొచ్చినోడు దొంగ. మా నాన్నకి ఏ గుమ్మమో కుక్కకి ఎలా తెలిసింది? దానికి ఎవరు చెప్పారు? ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని రాస్తున్నదే.

నేను చదువుకుని టీచరయ్యాక పుస్తకాల్లో వెతికాను. మొదట దొరికింది మనువు. పదో అధ్యాయంలో చండాలురూ శ్వపచులూ ఊరి బయటే ఉండాలన్నాడు. వాళ్లకి ఆస్తి ఏమిటంటే కుక్కలూ గాడిదలూ అన్నాడు. శ్వపచుడంటే కుక్కని వండుకు తినేవాడని అర్థం. మూడో అధ్యాయంలో గృహస్థు రోజూ నేల మీద మెల్లగా అన్నం పెట్టాల్సిన జాబితా ఒకటుంది. అందులో కుక్కలు, పతితులు, శ్వపచులు, పాపరోగులు, కాకులు, పురుగులు వరసగా ఉంటారు. పదకొండో అధ్యాయంలో పిల్లినో కప్పనో కుక్కనో కాకినో చంపితే శూద్రుణ్ణి చంపినప్పటి ప్రాయశ్చిత్తమే చేసుకోమన్నాడు. ఇక శూద్రుడి కంటే కింద ఉన్న మా లెక్క ఏ పాటిదో మీరే ఊహించుకోండి.

మా తాత తరానికి ఇది పుస్తకం సంగతి కాదు, బతుకు. మేం మాదిగలం. ఊళ్లో గొడ్డు చస్తే మా తాతకి కబురొచ్చేది. లాక్కెళ్లి తోలు ఒలిచేవాడు. కుక్కలు చుట్టూ చేరేవి, పైన రాబందులు తిరిగేవి. కర్రతో కుక్కల్ని అదిలిస్తూ కండ కోసుకోవడం మా మామ్మ పని. "కుక్కకీ మనకీ ఆ పూట ఒకటే కూడే, ఎవురు ముందెళ్తే ఆళ్లది" అనేది మామ్మ. ఒంటికి తోలు వాసన పట్టుకునేది. ఆ వాసనతో ఊళ్లోకెళ్తే కుక్కలన్నీ వెంటబడేవి. ఊరు నవ్వేది. తోలు ఒలిచి చెప్పులు కుట్టి ఊరి కాళ్లకి తొడిగినవాడి మీద ఊరి కుక్కలు మొరిగేవి.

ఆ తర్వాత భారతంలో ఏకలవ్యుడి దగ్గరికి వచ్చాను. బళ్లో పిల్లలకి ఈ కథని గురుభక్తి కథగా చెబుతాం. బొటనవేలు దగ్గర మొదలెట్టి బొటనవేలు దగ్గర ముగిస్తాం. అసలు కథ మొదలయ్యేది కుక్కతో. పాండవులు వేటకొచ్చారు. వాళ్ల కుక్క అడవిలో తిరుగుతూ నల్లటి మనిషిని, తోలు కట్టుకున్న మనిషిని చూసి మొరిగింది. అడవి అతనిది. కొత్తగా వచ్చింది వాళ్లు. అయినా కుక్కకి అతనే పరాయివాడు. ఏకలవ్యుడు దాని నోట్లోకి ఏడు బాణాలు వేసి మొరుగు ఆపాడు. ఆ కుక్క తిరిగెళ్లి చూపించబట్టే అంత విలుకాడు ఒకడున్నాడని రాచబిడ్డలకి తెలిసింది. ద్రోణుడొచ్చాడు, వేలు పోయింది. పదకొండో శతాబ్దంలో మా గోదావరి అవతలి గట్టున, రాజమహేంద్రవరంలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలోనూ ఈ కథ ఉంది. అంటే దాదాపు వెయ్యేళ్లుగా తెలుగులో వింటూనే ఉన్నాం. మొరగనివ్వకుండా చేసినందుకు పడిన శిక్ష అని మాత్రం మాకెవరూ చెప్పలేదు.

అదే భారతం చివర్లో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కని వదిలిపెట్టి స్వర్గానికి రానంటాడు. అది ధర్మదేవతే అని తేలుతుంది. స్వర్గం గుమ్మం దాకా కుక్క వెళ్లింది. శంకరాచార్యుల కథలో కాశీ వీధిలో నాలుగు కుక్కలతో చండాలుడు ఎదురొస్తాడు. పక్కకి తప్పుకోమంటాడు శంకరుడు. తప్పుకోమంటున్నది దేహాన్నా ఆత్మనా అని అతను అడుగుతాడు. ఎంత మంచి ప్రశ్న! కానీ కథ చెప్పేవాళ్లు అతన్ని మాదిగవాడిగా మిగలనివ్వరు. చివరికి అతను శివుడు, ఆ కుక్కలు నాలుగు వేదాలు అంటారు. మావాడు నోరు తెరిచి న్యాయం అడిగితే వాడు మావాడై ఉండకూడదన్నమాట.

ఈ కథల్ని తిరగేసి అడిగినవాడు అంబేద్కర్. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు దగ్గరికి వేలమందిని నడిపించి నీళ్లు తాగించాడు. పశువులు తాగే చెరువే అది. మనుషులు తాగాక ఆవుపేడ, ఆవుమూత్రం కలిపిన కుండలతో దాన్ని శుద్ధి చేసుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టాడు. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీని కలిసినప్పుడు, కుక్కల కంటే పిల్లుల కంటే హీనంగా చూసే చోటుని నా దేశమని ఎలా అనుకోమంటారని అడిగాడు. పదేళ్ల తర్వాత, 1941లో మన జాషువా 'గబ్బిలం' రాశాడు. అందులో మాదిగ బిడ్డ తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఎందుకంటే గుళ్లోకి గబ్బిలం వెళ్లగలదు, అతను వెళ్లలేడు. గుమ్మం లోపల చోటు జంతువుకుంది, మనిషికి లేదు. అంబేద్కర్ చెప్పిందీ జాషువా చెప్పిందీ ఇదే.

రాజ్యాంగం 17వ అధికరణం వచ్చింది, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అయినా 2010లో ఏం జరిగిందో చూడండి. మధ్యప్రదేశ్‌లో మొరేనా జిల్లా. ఒక దళిత స్త్రీ మిగిలిన రొట్టె ముక్క ఒక కుక్కకి వేసింది. అది రాజపుత్రుల కుక్క. దళితురాలి చేతి రొట్టె తిన్నది కాబట్టి కుక్క మైలపడిందని దాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఆమెకి పంచాయితీ 15 వేల రూపాయల జరిమానా వేసింది. కుక్కని సైతం వెలివేశారు! తొలిసారి ఒక కుక్కకి మా బాధ ఏమిటో తెలిసి ఉండాలి.

అదే ఏడాది ఏప్రిల్‌లో హర్యానాలో, హిసార్ జిల్లా మిర్చ్‌పూర్. వాల్మీకి కులస్తుల వాడలోంచి జాట్ కుర్రాళ్లు వెళ్తుంటే అక్కడి కుక్క మొరిగింది. వాళ్లు కుక్కని కొట్టారు. ఎందుకు కొట్టారని వాడవాళ్లు అడిగారు. రెండు రోజుల తర్వాత, 21న, గుంపు వచ్చి ఇళ్లు తగలబెట్టింది. డెబ్బై ఏళ్ల ముసలాయన, నడవలేని ఆయన కూతురు కాలిపోయి చనిపోయారు. రెండు వందలకు పైగా కుటుంబాలు ఊరొదిలిపోయాయి. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కింది కోర్టు వదిలేసిన ఇరవై మందిని కూడా కలిపి 33 మందిని దోషులుగా తేల్చింది. పశువుల కుడితి బకెట్టు మా తాగేనీళ్ల దగ్గర కడగొద్దన్నందుకు 1985 జులైలో కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపిన సంగతి తెలిసిన మనకి ఇది కొత్త కాదు. వాళ్ల కుక్క మా మీద మొరిగితే అది కాపలా. మా కుక్క వాళ్ల మీద మొరిగితే అది తిరుగుబాటు.

ఇప్పుడు నా చిన్నప్పటి ప్రశ్నకొస్తాను. కుక్క ముక్కు మనిషి ముక్కు కంటే వేల రెట్లు చురుకు. అది పేడ వాసన, తోలు వాసన, చెమట వాసన పడుతుంది. కులానికి వాసన లేదు. అందుకని కుక్క ఇంటివాళ్ల మొహం చూస్తుంది, గొంతు వింటుంది. వచ్చిన మనిషిని చూసి యజమాని బిగుసుకుంటే తనూ లేస్తుంది. నవ్వి కుర్చీ వేస్తే పడుకుంటుంది. ఇంకొకటి కూడా ఉంది. తను మొరిగినప్పుడు మనిషి వెనక్కి జరిగితే తన పని నెగ్గిందనుకుంటుంది. మర్నాడు ఇంకా గట్టిగా మొరుగుతుంది. మేం తరతరాలుగా వెనక్కి జరుగుతూనే వచ్చాం.

2018లో ఓటర్ల జాబితా పని మీద గూడెంలో ఇంటింటికీ తిరిగాను. "కుక్కలున్నవి జాగ్రత్త" బోర్డున్న ఒక ఇంట్లో కుక్క మొరిగితే ఇంటావిడ "ఏం చెయ్యదు, రండి టీచరుగారూ" అని కుర్చీ చూపించింది. కుక్క సోఫా కింద పడుకుంది. కాగితాలు రాస్తుంటే మా ఊరు అడిగింది. చెప్పాను. "ఊళ్లో ఎక్కడ?" అంది. పేట పేరు చెప్పాను. ఆవిడ మాట ఆగిపోయింది. తెస్తానన్న మంచినీళ్లు రాలేదు. కుక్క లేచి నిలబడి గుర్రుమంది. అది నా అనుమానమే కావొచ్చు. కానీ ఆవిడ గొంతు మారింది మాత్రం నిజం.

ఇక్కడితో ఆపితే నా వ్యాసం నాకు సుఖంగా ఉండేది. ఆపలేను. మూడేళ్ల కిందట గూడెంలో లోను పెట్టి చిన్న ఇల్లు కట్టుకున్నాం. గేటు పెట్టించాం. పిల్లలు గొడవ చేస్తే కుక్కపిల్లని తెచ్చాం. అది మా హెడ్మాస్టరుగారొస్తే మొరగదు. చెత్త తీసుకెళ్లే మున్సిపాలిటీ ఆమె వస్తే గేటు మీదికి ఎగురుతుంది. నేను పట్టించుకోలేదు. బకెట్టు గేటు బయటే పెట్టి "అక్కడుంది తీసుకో" అని గుమ్మంలోంచే అనేదాన్ని.

ఒక ఆదివారం మా నాన్న వచ్చాడు. ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర బస్సు దిగి ఎండలో నడిచొచ్చాడు. మాసిన పంచె, భుజాన సంచి. కుక్క విరుచుకుపడింది. నేను వంటింట్లో ఉన్నాను. వీధిలోంచి గొంతు వినబడింది.

"కుక్కని కట్టెయ్యండి బాబూ!"

పరిగెత్తుకొచ్చాను. మా నాన్న నా ఇంటి గేటుకి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి.

"నాన్నా, మనిల్లే కదా. చెప్పులెందుకు తీశావు?" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

"ఏవోనమ్మా, అది మొరిగితే అలవాటుగా తీసేశాను. నిన్ను పిలుద్దామనుకున్నా, నోట్లోంచి అదొచ్చింది" అన్నాడు నాన్న.

రాజాకి ఎవరు చెప్పారని ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను కదా. నా కుక్కకి చెప్పింది నేనే. చెత్త తీసే ఆమెతో గుమ్మంలోంచి మాట్లాడిన నా గొంతే దానికి పాఠం. ఆమెదీ నా కులమే. చదువు, ఉద్యోగం, గేటు వచ్చాక కామందు ఇంటావిడ గొంతు కూడా నాకు వచ్చేసింది.

మర్నాటి నుంచి ఆమె వచ్చే వేళకి నేనే గేటు తీసి బయటికెళ్తున్నాను. పేరు అడిగి తెలుసుకున్నాను. "అక్కా" అని పిలుస్తున్నాను. లోపలికి పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి మేం తాగే గ్లాసుతోనే టీ ఇస్తున్నాను. మొదటి రోజు ఆమె కూర్చోలేదు, నిలబడే తాగింది. కుక్కని కట్టమంది. కట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని పట్టుకున్నాను. వారం పాటు గుర్రుమంది. ఇరవై రోజులకి ఆమె బండి చప్పుడు వింటే తోకాడించడం మొదలెట్టింది.

ఉద్యోగాలొచ్చి టౌన్లలో గేట్లు పెట్టుకున్న మనవాళ్లకీ, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న మన పిల్లలకీ ఇది చెప్పాలనే రాశాను. ఊరు మన మీద మొరిగిన సంగతి రాయాల్సిందే, ఇంకా చాలా రాయాలి. దాంతోపాటు మన గేటు దగ్గర మన కుక్క ఎవరి మీద మొరుగుతోందో కూడా చూసుకోవాలి. మొన్న సంక్రాంతికి నాన్న వచ్చాడు. కుక్క మొరగలేదు. అయినా ఆయన గేటు బయటే ఒక్క క్షణం ఆగాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. కుక్క ఇరవై రోజుల్లో మర్చిపోయింది. మా నాన్నకి ఇంకా ఎన్నాళ్లు పడుతుందో!