తెలుగు తీరపు తుపానులు – హిమాలయమున అకాలపు మంచు

శరదృతువనగానే తెలుగువారికి తేటపడిన ఆకాశమును, ఆశ్వయుజ కార్తికముల వెన్నెలయు స్ఫురించును. కావ్యములందలి శరత్తు అట్టిది. కృష్ణా గోదావరీ సాగరసంగమముల కడ నివసించు పల్లెకారు లెరిగిన శరత్తు వేఱు. నైరృతి గాలి వెనుదిరిగి, ఈశాన్యపు గాలి ఇంకను కుదురుకొనని ఆ దినములలోనే బంగాళాఖాతమున పెనుతుపానులు పుట్టుచుండును. 1839 నవంబరులో కోరంగి రేవును ముంచిన ఉప్పెనయు, 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెనయు, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనయు ఈ కాలముననే వచ్చినవి. ఇక హిమాలయమున కాలినడకను తిరుగదలచు యాత్రికులు కోరుకొనునదియు ఈ ఋతువే. వానలు వెలిసి, శీతకాలపు మంచు ఇంకను దిగక, శిఖరములు తేటగా కానవచ్చు మాసము అక్టోబరు. సముద్రతీరపు శరత్తునకును పర్వతముల శరత్తునకును ఎట్టి పొత్తు కలదో 2014వ సంవత్సరమున రెండు దినముల వ్యవధిలో లోకమునకు తెలిసివచ్చెను.

ఆ యేడు అక్టోబరు 7న అండమాను సముద్రమున ఏర్పడిన వాయుగుండము మరునాటికి తుపానై 'హుద్‌హుద్' అను పేరు పొందెను. ఒమాను దేశము సూచించిన ఈ పేరు అరబ్బీ భాషలో ఒక పక్షికి చెల్లును. తెలుగున దానిని కూకుడుగువ్వ యందురు. అంత చిన్న పిట్ట పేరు అంతటి పెనుగాలికి పెట్టుట విచిత్రమే. దసరా వెళ్లిన తొమ్మిదవనాడు, అక్టోబరు 12 ఆదివారము మధ్యాహ్నమునకు అది విశాఖపట్టణము కడ తీరమును దాటెను. అప్పటి గాలివేగము గంటకు 170 మొదలు 180 కిలోమీటర్లు. కైలాసగిరిపై నున్న వాతావరణ రాడారు దెబ్బతినెను; విమానాశ్రయపు కప్పు చీలిపోయెను; నగరమున నీడనిచ్చు చెట్లు వేలకు వేలు కూలెను. అయినను ముందే హెచ్చరిక అందుటచే ఆంధ్ర, ఒడిశా తీరములందు లక్షలాది జనులను సురక్షిత స్థలములకు చేర్పగలిగిరి. దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. హుద్‌హుద్ మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. ఈ రెండు తుపానుల నడుమ గడచిన ముప్పదియేడేండ్లలో తీరము నేర్చిన పాఠము ఇది.

తీరము దాటిన తుపానును జనులు త్వరలోనే మరచిపోవుదురు, పత్రికలును మరచును. గాలి బలము తగ్గినను అది మోసికొనిపోవు నీటి ఆవిరి తగ్గదు. హుద్‌హుద్ శేషము ఒడిశా, ఛత్తీసుగఢముల మీదుగా ఉత్తరప్రదేశము చేరి, పడమటి దిక్కునుండి వచ్చు ఎత్తైన గాలుల ఒరవడిలో చిక్కి హిమాలయమువైపు లాగబడెను.

కొండ గాలిని పైకి నెట్టుట, ఆ గాలి చల్లబడి నీటిని విడుచుట భివండీ నిజాంపురా వాసులు ప్రతి ఆషాఢమునను చూచుచున్న క్రియయే. అరబ్బీ సముద్రపు గాలి సహ్యాద్రిని తాకి కొంకణమున కుంభవృష్టి కురిసి, ఘట్టము దాటునప్పటికి వట్టిపోవును. ఇచట మగ్గముల చప్పుడుతో వాన చప్పుడు పోటీపడుచుండగా షోలాపురమున నున్న బంధువులు మబ్బుకై ఎదురుచూచుచుందురు. 2005 జూలై 26న బొంబాయి శాంతాక్రూజున ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినపుడు కామ్వారీ నీరు భివండీ వీధులలోనికి వచ్చుట పెద్దలకు జ్ఞాపకమే. సహ్యాద్రికి బదులు ఎనిమిదివేల మీటర్ల అన్నపూర్ణా ధవళగిరులు అడ్డు నిలిచినచో ఆ నీరు పై యెత్తులలో వానగా గాక మంచుగా దిగును.

అట్లే దిగెను. నేపాళమున మనాంగ్, ముస్తాంగ్ జిల్లాల నడుమ 5,416 మీటర్ల యెత్తున తొరాంగ్ లా అను కనుమ కలదు. ఇది విశాఖకు ఇంచుమించు సూటిగా ఉత్తరమున, సుమారు పన్నెండువందల కిలోమీటర్ల దూరమున నున్నది. కనుమ దాటి పడమటికి దిగిన యాత్రికునకు ముక్తినాథ క్షేత్రము కానవచ్చును. నూటయెనిమిది దివ్యదేశములలో సాలగ్రామ మని శ్రీవైష్ణవులు కొలుచు స్థలమిది. దిగువనున్న కాళీగండకి సాలగ్రామశిలలు తెలుగిండ్ల దేవతార్చనలలో తరతరములుగా నున్నవి. అక్టోబరు 14న ఆ కనుమపై పలుదేశముల యాత్రికులును, వారి బరువులు మోయు నేపాళీయులును నడచుచుండగా మంచు తుపాను విరుచుకుపడెను. కొద్ది గంటలలో మంచు నడుము లోతయ్యెను. దారి గుర్తులు పూడిపోయెను. కొందరు కనుమపై నున్న చిన్న టీ దుకాణమున తలదాచుకొనిరి. క్రిందికి దిగ సాహసించిన పలువురు త్రోవ తప్పి చలికి బలియైరి. ఇతర స్థలములలో మంచుచరియలు మరికొందరిని కప్పివేసెను. మొత్తము 43 మందికి తక్కువగాక మరణించిరి. తరువాత హెలికాప్టర్లతో ఐదువందలమందికి పైగా కాపాడబడిరి. ముందస్తు హెచ్చరికకు తగిన ఏర్పాటు లేమిని ఆ దేశపు నాటి ప్రధాని సుశీల్ కోయిరాలా బహిరంగముగానే అంగీకరించెను.

ఇది మొదటి సారియు గాదు. 1995 నవంబరులో బంగాళాఖాతమునుండి వచ్చిన మరియొక తుపాను నేపాళమున అకాలపు మంచు కురియించగా, గోక్యో లోయలో పాంగా కడ మంచుచరియ క్రింద పదముగ్గురు జపాను యాత్రికులును, వారి వెంటనున్న నేపాళీయులును సమాధియైరి. పందొమ్మిదేండ్ల తరువాత అదే ఋతువున, అదే సముద్రము నుండి, అట్టి విపత్తే వచ్చెను. తీరము నేర్చినది కొండకు చేరలేదు.

సముద్రపు గాలికిని పర్వతపు మంచుకును గల సంబంధము విద్వాంసులకు క్రొత్త గాదు. 'సైక్లోన్' అను మాటను 1848లో సృష్టించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుండి పరిశీలించిన గాలివానలలో మన కోరంగిని 1789లో ముంచినదియు నొకటి. 1864లో ఒకే శరత్తున కలకత్తాయు బందరును నాశనమగుట, వెనువెంట వచ్చిన కరువులు, 1875లో భారత వాతావరణ శాఖ పుట్టుకకు కారణములైనవి. దాని తొలి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ కొండలవైపు చూచెను. 1877 వసంతమున పడమటి హిమాలయమున మంచు మిక్కుటముగా కురియుటయు, ఆ యేడు నైరృతి వానలు చెడుటయు ఆయన దృష్టి నాకర్షించినవి. మంచు అధికమైన యేడు వాన తగ్గునని 1884లో ఒక వ్యాసము ప్రకటించెను. 1886 నుండి వానకాలపు జోస్యములు ఏటేట వెలువడసాగినవి. ఆ సూత్రము ప్రతి యేటను నిలువలేదు. తరువాత గిల్బర్టు వాకరు దూర సముద్రముల వైపు దృష్టి మరల్చవలసివచ్చెను. అయినను కొండమంచును పొలమునకు ముడిపెట్టి చూచిన ఘనత బ్లాన్‌ఫర్డుదే.

ఆ 1877 కరువు తెలుగువారికి పరాయి కథ గాదు. 1876–78 క్షామము బళ్లారి, కర్నూలు, కడప సీమలను పీల్చివేసెను. హైదరాబాదు రాజ్యమును తాకెను. కరువులును, చేమగ్గపు క్షీణతయు కలసి తరతరములుగా తెలంగాణపు పద్మశాలీలను షోలాపురమునకును, బొంబాయికిని, ఆపై భివండీ మరమగ్గముల కడకును నడిపించినవి. పద్మనగరమున ఇల్లు కట్టుకొన్న నేతగాని పూర్వుల ప్రయాణమునకు వాన చెడుట ఒక కారణమైనచో, ఆ వానకు హిమాలయపు మంచుతో లెక్క చూచిన శాస్త్రజ్ఞుని శ్రమ అతనికి బొత్తిగా సంబంధము లేనిది కాజాలదు.

నేడు తెలుగువారు కొండలకు మునుపటికన్న హెచ్చుగా పోవుచున్నారు. విశాఖ తుపాను వచ్చిన సంవత్సరమే, మే 25న, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు నెక్కెను. అదే శిఖరపు తూర్పు వాలులో, టిబెట్టు భాగమున, 2025 అక్టోబరు మొదటి వారమున సెలవులకు వెళ్లిన వందలాది యాత్రికులు అనుకొనని మంచులో చిక్కుకొనిరి. ముక్తినాథునకు పోవు తెలుగు యాత్రికులలో పలువురు దసరా సెలవులనే ఎన్నుకొందురు. వారు బయలుదేరు దినమున నేపాళపు ఆకాశము నిర్మలముగానే యుండవచ్చును. అండమాను సముద్రమున ఏమి జరుగుచున్నదో తెలుపు ప్రకటన మాత్రము భారత వాతావరణ శాఖ నుండి ప్రతి దినమును వెలువడుచునే యున్నది.