పాశర్లపూడి మంట – 65 రోజులు

మా యానాం నుంచి ఎదుర్లంక వంతెన దాటితే కోనసీమే. కోనసీమ అనగానే కొబ్బరితోటలు, కాలువలు, వరిచేలు అని రాస్తాం. కానీ ఆ నేల కింద గ్యాస్ కూడా ఉంది. 1995లో అది ఒకసారి అదుపు తప్పింది. మా చరిత్ర పాఠాల్లో ఆ సంగతి లేదు. అందుకే రాస్తున్నాను.

అప్పట్లో తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న పాశర్లపూడి వైనతేయ గోదావరి పక్కన ఉంది. అక్కడ ఓఎన్‌జీసీ ఒక బావి తవ్వుతోంది. లోతు సుమారు 2,700 మీటర్లకు చేరింది. 1995 జనవరి 8న, సంక్రాంతికి వారం ముందు, గ్యాస్ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి అంటుకుంది. దీన్నే బ్లోఅవుట్ అంటారు.

బావి తవ్వేటప్పుడు గొట్టం గుండా బరువైన బురదను లోపలికి పంపిస్తారు. ఆ బురద బరువే గ్యాస్‌ను కిందనే తొక్కిపట్టి ఉంచుతుంది. అది చాలకపోతే బావి నోటి దగ్గరున్న పెద్ద కవాటాలు మూసుకోవాలి. రెండూ పనిచేయకపోతే ఇక గ్యాస్‌కు అడ్డు లేదు.

అప్పుడు ఏం చేశారు? ముందుగా మనుషుల్ని కదిలించారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి సుమారు 1,500 మందిని దూరంగా పంపేశారు. తర్వాత బావి పని. ఇలాంటి మంటలు ఆర్పడంలో ఆరితేరిన నిపుణులు అమెరికా నుంచి వచ్చారు. రాత్రిపూట కూడా వెలుతురే, దీపం అక్కర్లేకపోయేదని మా అమ్మమ్మ అంటుంది.

మంటను వెంటనే ఎందుకు ఆర్పలేదని నాకు మొదట అర్థం కాలేదు. మా సైన్సు మాస్టారు చెప్పారు: మంట ఆరినా గ్యాస్ రావడం ఆగదు. అది ఊళ్ల మీదికి పాకి, ఎక్కడ ఏ పొయ్యి వెలిగిస్తే అక్కడ పేలుతుంది. ఒక్కచోటే మండనివ్వడం మేలు. ఈలోగా నీళ్లు చిమ్ముతూ వేడి తగ్గించాలి, కూలిన ఇనుమంతా లాగేయాలి, ఆపైన బావి నోటికి కొత్త మూత బిగించాలి. ఇలాంటి పనికి నీళ్లు చాలా కావాలి కాబట్టి నది దగ్గరుండటం మేలే. అదే నదిలోకి చమురు చేరితే కీడు.

సుమారు 65 రోజుల తర్వాత, మార్చి 15న, బావి అదుపులోకి వచ్చింది. తోటలు మాడాయి, జనం ఇళ్లు విడిచి పడరాని పాట్లు పడ్డారు. కానీ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

దీని పక్కన ఇంకో తేదీ పెట్టి చూడాలి. 2014 జూన్ 27. అదే మామిడికుదురు మండలంలోని నగరం గ్రామం. తెల్లవారుజామున గ్యాస్ పైపులైను లీకై అంటుకుంది. జనం నిద్రలో ఉన్నారు. 20 మందికి పైగా చనిపోయారు. పాశర్లపూడి మంట ఎంతో పెద్దది, అయినా అక్కడ జనానికి తప్పుకునే వ్యవధి దొరికింది. నగరంలో అది దొరకలేదు.

రాజుల యుద్ధాల తేదీలు మనం బట్టీ పడతాం. ఈ రెండు తేదీలు కూడా నేర్చుకోవాలి. గ్యాస్ లీకైతే ఎవరికి చెప్పాలి, ఎటువైపు పరుగెత్తాలి, ఏది వెలిగించకూడదు అన్నది గోదావరి ఒడ్డున ఉండే ప్రతి పిల్లకీ పిల్లాడికీ తెలిసి ఉండాలి.