విత్తు పండేదాకా

1830 మే నెల. ఆస్ట్రేలియా నైరుతి కొసన అగస్టా అనే కొత్త వలస అప్పుడే మొదలవుతోంది. ఇంకా ఇళ్లు లేవు, డేరాలే. ఎడతెగని వాన. గుడ్డలోంచి నీళ్లు కారుతుంటే, నొప్పులు పడుతున్న మనిషి మీద గొడుగు పట్టారు. ఆ డేరాలో పుట్టిన బిడ్డ కొద్ది రోజులకే కన్నుమూసింది. చిట్టి సమాధి మీద తల్లి తన దేశపు క్లోవర్ గడ్డి పెంచింది.

ఆ తల్లి పేరు జార్జియానా మొలాయ్. 1805లో ఇంగ్లండులోని కార్లైల్ దగ్గర పుట్టింది. వాటర్లూ యుద్ధంలో పోరాడిన కెప్టెన్ జాన్ మొలాయ్‌ని 1829లో పెళ్లాడింది. వయసులో ఆయన చాలా పెద్ద. పెళ్లయిన కొద్ది నెలలకే ఇద్దరూ ఓడెక్కారు. అగస్టాలో ఆయన మేజిస్ట్రేటు. వంట, చాకిరీ, తోటపని, పిల్లల పెంపకం అన్నీ ఆమెవే.

1836 డిసెంబరులో ఆమెకు ఒక పెట్టె, ఒక ఉత్తరం అందాయి. పంపింది లండన్‌లో ఉన్న నౌకాదళ కెప్టెన్ జేమ్స్ మాంగిల్స్. ఆ వలస ప్రాంతపు గవర్నరు భార్యకు బంధువు, మొక్కలంటే ప్రాణం పెట్టేవాడు. పెట్టెలో ఇంగ్లండు పూల విత్తనాలున్నాయి. వాటికి బదులుగా అక్కడి అడవి విత్తనాలు పంపమని కోరాడు. ఆమెకు వృక్షశాస్త్రంలో శిక్షణ లేదు, లాటిన్ పేర్లు తెలియవు. అయినా ఒప్పుకుంది.

మరుసటి నవంబరులో ఆమె ఒక్కగానొక్క కొడుకు బావిలో పడి చనిపోయాడు. పందొమ్మిది నెలల పసివాడు. ఆ సంగతి ఆమె ఎన్నడూ చూడని మాంగిల్స్‌కే ఉత్తరంలో విడమరిచి రాసింది. ఆ దుఃఖంలోనే, కూతుళ్లను వెంటబెట్టుకుని అడవిలోకి నడవడం మొదలుపెట్టింది.

విత్తనం సేకరించడమంటే పువ్వు కోసుకురావడం కాదు. పువ్వు ఎవరి కంటికైనా కనబడుతుంది. అది రాలి, కాయ ముదిరి, గింజ పండేసరికి ఆ మొక్క చుట్టూ ఉన్న పొదల్లో కలిసిపోతుంది. పూసినప్పుడు చోటు గుర్తుపెట్టుకుని వారాల తర్వాత మళ్లీ వెళ్లాలి. ఒకరోజు ముందు వెళితే పచ్చికాయ, ఒకరోజు ఆలస్యమైతే గింజలు నేలపాలు. జార్జియానా అలా వెళ్లింది, మళ్లీ మళ్లీ వెళ్లింది. ఆకును, పువ్వును కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, ఒక్కో నమూనాకు ఒక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యను దాని విత్తనాల పొట్లం మీదా వేసేది. మొక్క ఎలాంటి నేలలో మొలిచిందో రాసేది. నా దృష్టిలో ఆమె ప్రతిభంతా ఆ పొట్లాల్లోనే ఉంది. దూరదేశాల విత్తనాలు నెలల తరబడి ఓడలో ప్రయాణించి బూజుపట్టో, పేర్లు తారుమారయ్యో చేరే రోజులవి. ఆమె పంపినవి లండన్ నర్సరీల్లో మొలకెత్తాయి. మాంగిల్స్ వాటిని లొడిజెస్ నర్సరీకి, చాట్స్‌వర్త్ తోటల జోసెఫ్ పాక్స్టన్‌కు, వృక్షశాస్త్రవేత్త జాన్ లిండ్లీకి పంచాడు.

ఆమె ఒంటరిగా చేసిన పని కాదిది. ఏ మొక్క ఎక్కడ ఉంటుందో తరతరాలుగా తెలిసిన అక్కడి ఆదివాసులు, నూంగార్ ప్రజలు, ఆమెకు తోడ్పడ్డారు. 1839లో కుటుంబం ఉత్తరాన వాస్ ప్రాంతానికి, ఇప్పటి బసెల్టన్‌కు తరలింది. అక్కడా పూల వేట ఆగలేదు. కానీ 1841లో ఒక వలసదారుడు హతుడయ్యాక, వనరప్ పరిసరాల్లో నూంగార్లను ఎందరినో వెంటాడి చంపారు. ఆ దాడికి నాయకత్వం వహించినవారిలో ఆమె భర్త ఒకడు. తోడుగా నడిచి పూలు చూపిన మనుషుల నేల అది. జార్జియానా కథ చెప్పేటప్పుడు దీన్ని దాటేయడం అన్యాయం.

వరస కాన్పులు ఆమె ఆరోగ్యాన్ని కుంగదీశాయి. ఏడో బిడ్డ పుట్టాక కోలుకోలేదు. 1843 ఏప్రిల్ 8న చనిపోయింది. అప్పటికి ముప్పై ఏడేళ్లు. మాంగిల్స్‌ను ఒక్కసారి కూడా కలవలేదు.

ఆయన మాత్రం ఆమె ఉత్తరాలను తన పుస్తకాల్లో నకలు రాయించి దాచాడు. అవి నేడు పెర్త్‌లోని రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి. బొరోనియా మొలాయే అని ఒక పొడవాటి పొదకు ఆమె పేరు పెట్టారు. నైరుతి ఆస్ట్రేలియా తడి నేలల్లో అది ఇప్పటికీ గులాబీరంగు పూలు పూస్తుంది.